జీతం లేని గుమాస్తాలు

2025 నవంబరు 15న ఐపీఎల్‌లో రవీంద్ర జడేజా చెన్నై నుంచి రాజస్థాన్‌కు బదిలీ అయ్యాడు. అతనితోపాటు శామ్ కరన్‌నూ పంపించి, అటునుంచి సంజూ శాంసన్‌ని చెన్నై తెచ్చుకుంది. శాంసన్ 18 కోట్లు చెక్కుచెదరలేదు. జడేజా 18 కోట్లు మాత్రం జైపూర్ చేరేసరికి 14 కోట్లయ్యాయి. అదే రోజు మన హైదరాబాద్ జట్టు మహమ్మద్ షమీని 10 కోట్లకు లక్నోకి అప్పగించింది. పేపర్లో ఇది అరకాలమ్ వార్త. మా ఉక్కు ఊరు భిలాయ్‌లో మాత్రం వారం రోజుల పని. సుపేలా బజారు నుంచి ఖుర్సీపార్ సందుల దాకా, సివిక్ సెంటర్ టీకొట్ల నుంచి సెక్టార్ 5 బాలాజీ గుడి మెట్ల దాకా మన తెలుగు మగాళ్లంతా ఒకటే లెక్కలో మునిగిపోయారు. ఈ బేరం గిట్టిందా, గిట్టలేదా?

ఎవరికి గిట్టాలన్నది మాత్రం ఒక్కరూ అడగలేదు.

రైలు మిల్లులో చేసే బావగారొకరున్నారు. 130 మీటర్ల పొడవు పట్టా ఒకే ముక్కగా బయటికొచ్చే చోట పనిచేసే మనిషి, మిల్లీమీటరు తేడా వస్తే ఒప్పుకోరు. షమీ వార్త విని చేతులు రుద్దుకున్నారు.

"మంచి పని చేసినారు. పది కోట్లు మన పర్సులోకి వచ్చీసాయి."

"ఎవరి పర్సు బావా?"

"మనదే. ఇప్పుడు వేలంలో మనం ఎవులినైనా కొనీగలం."

ఈ హైదరాబాద్ సన్‌రైజర్స్ జట్టు చెన్నైలోని సన్ టీవీ వారిది. ఆ సంస్థ అధిపతి కళానిధి మారన్ గారికి ఖుర్సీపార్‌లో తనకో ఆస్థాన ఆర్థికవేత్త ఉన్నాడన్న కబురు ఇంకా అందినట్టు లేదు. అందితే ఏమో, ఒక టోపీ అయినా పంపేవారు. బావగారు సొసైటీ లోను కంతు కట్టడానికి ఎరియర్స్ కోసం ఎదురు చూస్తున్నారు. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత ఉంది. సొమ్మూ తనది కాక, సోకూ తనకు దక్కక, ఊరికే కూర్చుని ఎవరిదో చిట్టా ఆవర్జా రాసిపెట్టేవాడికి మాత్రం మన పెద్దలు సామెత చెప్పలేదు. అటువంటివాడు పుడతాడని వాళ్లు ఊహించి ఉండరు.

ఈ గుమాస్తాగిరీకి ఒక భాష వచ్చింది. "వాడిలో వాల్యూ లేదు." "వయసైపోయింది, ఇంకెన్నాళ్లు మోస్తాం?" "స్లాట్ వేస్టు, రిలీజ్ చేసి పారెయ్యాలి." ఎడ్ల సంతలో పళ్లు పట్టి చూసేవాడికైనా మొలలో నాలుగు రూపాయలుంటాయి. మనవాళ్లు చేతిలో ఆలూ గుండా పట్టుకుని, ముప్పై ఏడేళ్ల మనిషి భుజం ఇంకా ఎన్ని ఓవర్లు తట్టుకుంటుందో తేల్చేస్తారు. తేల్చేవాడికి తన నడుం పట్టేసి సెక్టార్ 9 ఆసుపత్రిలో సోమవారం అపాయింట్‌మెంట్ ఉంటుంది. అది వేరే విషయం.

వీళ్ల తీర్పులు ఎంత గట్టివో చూడాలంటే 2018 నవంబరుకి వెళ్లాలి. శిఖర్ ధావన్ అప్పుడు హైదరాబాద్ ఆటగాడు. 2016లో మనం కప్పు గెలిచినప్పుడు (చూశారా, నా నోట కూడా 'మనం' వచ్చేస్తోంది) వార్నర్‌తో కలిసి ఇన్నింగ్స్ మొదలుపెట్టినవాడు. ధర దగ్గర మనసు విరిగి ఢిల్లీ దారి పట్టాడు. 5 కోట్ల 20 లక్షల మనిషిని పంపి హైదరాబాద్ ముగ్గుర్ని తెచ్చుకుంది. విజయ్ శంకర్ 3 కోట్ల 20 లక్షలు, షాబాజ్ నదీమ్ 3 కోట్ల 20 లక్షలు, అడుగున కొసరు కింద 55 లక్షలకు అభిషేక్ శర్మ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. చర్చంతా మొదటి రెండు పేర్ల మీదే నడిచింది. మూడోవాడి గురించి మాట్లాడితే చాదస్తం కింద లెక్క.

2019లో ధావన్ ఢిల్లీకి 521 పరుగులు చేశాడు. 2020లో 618, అందులో వరుసగా రెండు సెంచరీలు. ఢిల్లీ మొట్టమొదటిసారి ఫైనల్‌కి వెళ్లింది. హైదరాబాద్ యాజమాన్యానికి బుర్ర లేదని మా సెక్టార్లన్నీ ఏకగ్రీవంగా తీర్మానించాయి. "వజ్రాన్నిచ్చి గాజుముక్కలు తెచ్చుకున్నాం" అన్నది ఆ కాలంలో బాగా చెల్లుబాటైన మాట. తర్వాత శంకర్ వెళ్లిపోయాడు, నదీమ్ వెళ్లిపోయాడు, కొసరు మిగిలింది. ఆ కొసరు 2024లో 484 పరుగులు చేసింది, అదీ బంతికి రెండు పరుగుల లెక్కన. ఆ ఏడాది చివర హైదరాబాద్ 14 కోట్లిచ్చి అట్టిపెట్టుకుంది. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ 245 కొడితే, అదే కొసరు 55 బంతుల్లో 141 కొట్టి మ్యాచ్ లాగేసింది. అప్పటికి ఐపీఎల్‌లో భారతీయుడు చేసిన అత్యధిక స్కోరు అది.

ఆ రాత్రి సివిక్ సెంటర్‌లో చూడాలి మనవాళ్లని. 'గాజుముక్కలు' అన్న నోళ్లే "ఆ రోజే చెప్పాను, ఆ కుర్రాడి కోసమే ధావన్‌ని వదిలారు" అంటున్నాయి. ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు? మినిట్స్ బుక్కు లేని మీటింగుల్లో ఇదే సుఖం. ఒక బేరం మంచిదో చెడ్డదో తేలడానికి ఆరేళ్లు పైన పట్టింది. మనవాళ్లు ఆరు నిమిషాల్లో ఒకసారి తేల్చారు, ఆరేళ్ల తర్వాత దానికి తలకిందులుగా ఇంకోసారి తేల్చారు. రెండుసార్లూ సరిగ్గానే చెప్పామంటారు.

అదే మ్యాచ్‌లో షమీ నాలుగు ఓవర్లలో వికెట్ లేకుండా 75 పరుగులిచ్చాడు. 2024 నవంబరులో జెడ్డా వేలంలో అతన్ని 10 కోట్లకు కొన్నప్పుడు "దోచేశాం రా" అన్నదీ ఈ నోళ్లే, 2025 నవంబరులో ఆ 10 కోట్లకే వదిలినప్పుడు "వదిలించుకున్నాం రా" అన్నదీ ఈ నోళ్లే. ఒకే సరుకు ఒకే ధరకి కొన్నా లాభమే, అమ్మినా లాభమే. ఇంత గొప్ప వ్యాపారం చేయగల ఊళ్లో ఇన్ని పర్సనల్ లోన్లు ఎందుకున్నాయో నాకు తెలియదు.

విజయ్ శంకర్ కథకి ఒక తెలుగు పిట్టకథ తగులుకుంది. 2019 ప్రపంచ కప్ జట్టులో అంబటి రాయుడికి బదులు అతన్ని తీసుకున్నారు. తీసుకున్న చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరు మనిషి. చోటు పోగొట్టుకున్న రాయుడూ గుంటూరు మనిషే. శంకర్‌లో మూడు కోణాల ప్రతిభ ఉందని ఆయనంటే, ప్రపంచ కప్ చూడ్డానికి 3డి కళ్లద్దాలు ఆర్డరిచ్చానని ఈయన ట్వీటు పెట్టాడు. గుంటూరు వాళ్ల ఆ తగువులో న్యాయం చెప్పడానికి శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన మా వాళ్లు నైట్ షిఫ్ట్ ఎగ్గొట్టినంత పని చేశారు. రాయుడి సగటు దశాంశాలతో సహా చెప్పగలిగిన ఒకాయన, తన పీఎఫ్ బ్యాలెన్సు అడిగితే భార్య వైపు చూశాడు.

సరే, ఇన్ని లెక్కలొచ్చిన ఊరు సొంతింటి లెక్కొకటి మరిచిపోయింది. శశాంక్ సింగ్ పుట్టింది భిలాయ్‌లో. ఆడేది ఛత్తీస్‌గఢ్‌కి. 2022లో అతను హైదరాబాద్ జట్టులోనే ఉన్నాడు, 20 లక్షలకి. ఆ ఏప్రిల్‌లో గుజరాత్ మీద వాంఖడేలో ఆరు బంతులాడి 25 కొట్టాడు. చివరి ఓవర్లో లాకీ ఫెర్గూసన్‌ని వరుసగా మూడుసార్లు స్టాండ్సులోకి పంపాడు. సీజను అయిపోగానే హైదరాబాద్ అతన్ని వదిలేసింది. 2023లో ఏ జట్టూ పిలవలేదు. మన తెలుగువాళ్లు ప్రాణం పెట్టే జట్టు మన ఊళ్లో పుట్టినవాణ్ని వదిలేస్తే ఒక్క టీకొట్టు దగ్గరైనా గొడవ జరిగిందా? లేదు. 20 లక్షల మనిషి కోసం గుమాస్తాలు కలం మూత తీయరు. పెద్ద అంకె ఉంటేనే వాళ్లకి విచారణ చేయబుద్ధి పుడుతుంది.

2023 డిసెంబరు 19న దుబాయ్ వేలంలో పంజాబ్ వాళ్లు శశాంక్ సింగ్ పేరుకి చెయ్యెత్తారు, సుత్తి పడింది, ఆ తర్వాత టేబుల్ దగ్గర తికమక మొదలైంది. ఒకే పేరుతో ఇద్దరున్నారట. అయిపోయింది అయిపోయిందే అంది వేలం నడిపే మల్లికా సాగర్. మేం కావాలనుకున్నది ఇతన్నేనని పంజాబ్ తర్వాత వివరణ ఇచ్చుకుంది. దేశమంతా నవ్వింది, భిలాయ్ కూడా నవ్వింది. నాలుగు నెలలు తిరక్కముందే అహ్మదాబాద్‌లో 29 బంతుల్లో 61 కొట్టి పంజాబ్‌కి 200 పరుగుల లక్ష్యం దాటించాడు. అప్పుడు గుర్తొచ్చింది మా ఊరికి, ఇతను మావాడని. మరుసటి ఏడాదికి పంజాబ్ అట్టిపెట్టుకున్నది ఇద్దర్నే, అందులో ఇతనొకడు, 5 కోట్ల 50 లక్షలకి. 2025 జూన్ 3న బెంగళూరుతో ఫైనల్‌లో 30 బంతుల్లో 61 చేసి ఒంటరిగా మిగిలాడు. పంజాబ్ ఆరు పరుగులతో ఓడింది. పొరపాటున కొన్నదని అందరూ నవ్విన బేరం ఇలా తేలింది. వారం రోజులు తలబద్దలు కొట్టుకుని సమర్థించిన బేరాలు ఎలా తేలాయో పైన చెప్పాను.

ఇంకో భిలాయ్ మనిషి ఉన్నాడు, పాతకాలం వాడు. ఆఫ్‌స్పిన్నర్ రాజేష్ చౌహాన్. 21 టెస్టులాడాడు, 47 వికెట్లు తీశాడు. ఆ 21లో భారత్ ఒక్కటీ ఓడలేదు. ఇవాళ్టి లెక్క ప్రకారం 47 వికెట్లవాడి విలువెంత? "స్లాట్ వేస్టు." ఓడిపోకపోవడం ఏ గడిలో రాయాలో గుమాస్తాలకి తెలియదు.

నాకు అసలు మింగుడుపడనిది ఇదేమీ కాదు. ఈ మాటలు మాట్లాడుతున్న ఊరు ఏదన్నది. 1955లో రష్యా వాళ్లతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన ఊరు. కార్మికుడు అన్న మాట తలెత్తుకుని పలికిన ఊరు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న నిద్రలో కాల్చి చంపింది ఇక్కడే. తీసేసినవాళ్లని తిరిగి పనిలోకి తీసుకోవాలని పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద 1992 జూలై 1న పోలీసులు కాల్పులు జరిపింది పవర్‌హౌస్ స్టేషన్లోనే. ఆ స్టేషను బయట టీ తాగుతూ మన కార్మిక సోదరుడు "వాడు ఖరీదైపోయాడు, తీసేసి ఇద్దరు చవకవాళ్లని పెట్టుకోవాలి" అంటాడు. ఏ కాంట్రాక్టరు నోటి నుంచో రావలసిన మాట. ఇదే మాట తన డిపార్ట్‌మెంట్ గురించి ఎవరైనా అంటే యూనియన్ ఆఫీసుకి పరిగెత్తుతాడు. రైలు మిల్లు బావగార్ని కోక్ ఓవెన్స్‌కి మార్చి, అక్కణ్నుంచి ఇద్దరు కుర్రాళ్లని మిల్లుకి తెచ్చుకుంటే సంస్థకి ఎంత లాభమో ఒకసారి ఆయన దగ్గరే లెక్క కట్టి చూపించాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఓనరు అమ్మితే వ్యూహమట, ఆటగాడు అడిగితే ద్రోహమట. హార్దిక్ పాండ్యా 2023 నవంబరులో గుజరాత్ వదిలి పాత ముంబయికి పోతే ఏమైంది? అహ్మదాబాద్‌లో గేలి చేశారు, మన హైదరాబాద్‌లో చేశారు, చివరికి సొంత వాంఖడేలో కూడా చేశారు. ముంబయి ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. 2024 జూన్ 29న టీ20 ప్రపంచ కప్ ఫైనల్ ఆఖరి ఓవర్లో అతను 16 పరుగులు కాపాడాక, అయిదు రోజులకి అదే వాంఖడే అతని పేరు జపించింది.

జడేజానే తీసుకోండి. 2010లో రాజస్థాన్‌తో ఒప్పందం పొడిగించుకోకుండా వేరే జట్టుతో మాట్లాడాడని ఆ సీజను మొత్తం నిషేధించారు. తన బేరం తను ఆడుకోవడం నేరం. పదిహేనేళ్ల తర్వాత అదే మనిషిని అదే రాజస్థాన్‌కి ఓనర్లు బేరమాడి పంపితే 'మాస్టర్ స్ట్రోక్'. ఆటగాడి ఒప్పుదల లేనిదే బదిలీ చెల్లదని నిబంధన ఉంది కదా అంటారు. ఉంది. 2009లో ముంబయి నుంచి బెంగళూరుకి మారిన రాబిన్ ఉతప్ప, ఆ కాగితాల మీద సంతకం పెట్టకపోతే తుది జట్టులో చోటుండదని తనకి చెప్పారని ఏళ్ల తర్వాత బయటపెట్టాడు. ఒప్పుదల అంటే ఎలా ఉంటుందో ప్లాంటులో వీఆర్‌ఎస్ ఫారాలు చూసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు.

ఈ బదిలీల పిచ్చి అమెరికా బేస్‌బాల్‌లో మనకన్నా పాతది. 1920 జనవరిలో బోస్టన్ రెడ్ సాక్స్ వాళ్లు బేబ్ రూత్ అనే ఆటగాణ్ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశారని ప్రకటన వచ్చింది. 1918లో కప్పు గెలిచిన బోస్టన్ మళ్లీ గెలిచింది 2004లో. మధ్యలో ఎనభై ఆరేళ్లు ఆ ఊళ్లో తాతలు మనవలకి ఆ బేరం గురించే చెప్పుకున్నారు, దానికి శాపమని పేరు పెట్టారు. మన గుమాస్తాలకి ఈ కథ చాలా ఇష్టం, చేదు బేరం అంటే ఇదీ అని చెప్తారు. అదే ఆటలో వాళ్లు చెప్పని కథ ఒకటుంది. 1969లో సెయింట్ లూయిస్ వాళ్లు కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ని ఫిలడెల్ఫియాకి మార్చేశారు. నేను వెళ్లనన్నాడు. నేను కొనీ అమ్మే వస్తువుని కానని కమిషనర్‌కి ఉత్తరం రాశాడు, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆటా పోగొట్టుకున్నాడు. ఆయన వెనకాల నిలబడింది ఆటగాళ్ల యూనియన్. తర్వాత కొద్ది ఏళ్లకే, ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకి నచ్చిన జట్టుకి వెళ్లే హక్కు అక్కడి బేస్‌బాల్‌లో వచ్చింది. ఉక్కు కార్మికుల ఊళ్లో చెప్పుకోవలసిన కథ ఇదా, రూత్ కథా?

"ఏదో సరదాకి మాట్లాడుకుంటాం గురూ, దీనికింత ఉపన్యాసమా?" అంటారు. సరదాకే అయితే ఆట గురించి మాట్లాడండి. 2023 ఐపీఎల్ ఫైనల్‌లో ఆఖరి రెండు బంతులకి పది పరుగులు కావాలి. మోహిత్ శర్మ వేసిన మొదటిదాన్ని జడేజా సిక్సు కొట్టాడు, రెండోదాన్ని ఫైన్ లెగ్ వైపు ఫోరు తిప్పాడు. మోహిత్ అక్కడ యార్కర్ ఎక్కడ తప్పాడో వాదించండి, తెల్లారేదాకా కూర్చుంటాను, టీ ఖర్చు నాది. 14 కోట్లు ఎక్కువా తక్కువా అన్న చర్చకి మాత్రం నన్ను పిలవకండి. ఆ ముక్క జట్ల ఆఫీసుల్లో జీతం తీసుకునేవాళ్లు చూసుకుంటారు.

ఐపీఎల్‌లో ఆడుతున్న మన ఆటగాళ్లకి యూనియన్ లేదు. 2019లో ఏర్పడిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్‌లో రిటైరైనవాళ్లకే సభ్యత్వం. జడేజాలూ షమీలూ సంతకం పెట్టేముందు సలహా అడగడానికి చోటు కావాలంటే భిలాయ్ రావచ్చు. ఇక్కడ యూనియన్ ఆఫీసులకి కొరత లేదు. బావగారిని మాత్రం కమిటీలో వేసుకోవద్దు.